టోర్వాల్డ్ మైదానానికి ఎవరి పేరు

టోర్వాల్డ్, మిన్నెసోటా
1986 జూన్ 2

తమ్ముడు హార్లన్‌కి,

నువ్వూ జాయిస్ కులాసాగా ఉన్నారనుకుంటాను. ఇక్కడ పెరట్లో ఈ ఏడు రూబర్బ్ మొక్క విపరీతంగా పెరిగింది. ఎవరింటికి వెళ్లినా దాని పుల్లటి కాడలతో ‘పై’ అని తీపి రొట్టె చేసి పెడుతున్నారు, మా ఇంటికొస్తే మేమూ అదే పెడుతున్నాం. తినలేక చస్తున్నాం గానీ పారేయడానికి ఎవరికీ మనసొప్పడం లేదు.

ఫోను చేయకుండా ఉత్తరం రాస్తున్నానంటే విషయం చిన్నది కాదని నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. మీ బావ కళ్లు పాడవుతున్నాయి. చూపు మధ్యలో మచ్చ పడిందట, అది పెరుగుతుందట. అంచులు మిగులుతాయి, మధ్య పోతుంది. తలుపు కనబడుతుంది, తలుపులో నిలబడ్డ మనిషి మొహం కనబడదు. మంచు పడే వేళకి అక్షరాలు చదవలేరని కంటి డాక్టరు చెప్పేశాడు. మందు లేదట. ఇంటికొచ్చాక మీ బావ కారు తాళాలు తీసి నా చేతిలో పెట్టి, వరండాలోకి వెళ్లి కూర్చున్నారు. నేను వంటింట్లో పంపు తిప్పేసుకుని ఏడ్చాను.

ఇంతలో మన బేస్‌బాల్ మైదానానికి కొత్త బోర్డు వస్తోంది. ఇన్నాళ్లూ వెన్న తీసే క్రీమరీ పక్క మైదానం అంటూ వచ్చాం కదా, ఇకమీదట ఊరి చరిత్రలో అందరికంటే గొప్ప బ్యాటర్ పేరుతో పిలుస్తారట. చేతులెత్తి తేల్చుకుందామంటే క్లారెన్స్ హోయం ఒప్పుకోలేదు. పోయినసారి హైస్కూలు గోడలకి ఏ రంగు వేయాలో చేతులెత్తమంటే లూథరన్లంతా ఒకసారి, కేథలిక్కులంతా ఇంకోసారి ఎత్తారు. ఆ తర్వాత నాలుగేళ్లు ఒకరి పెళ్లికి ఒకరు వెళ్లలేదు. అందుకని ఈసారి అంకెలు ఏం చెబితే అది. "అంకెలకి చర్చి ఉండదు కదా" అన్నాడు క్లారెన్స్. ధాన్యం గిడ్డంగి నడిపేవాణ్ణి కమిటీకి పెద్దని చేస్తే ఇలాగే ఉంటుంది, ఏదైనా తూకం వేసి ఇమ్మంటాడు.

పోటీలో ఉన్నది ఇద్దరు. మన లూథరన్లలో మీ బావ ఓరిన్, కేథలిక్కుల్లో లీరాయ్ పవేల్కా. లీరాయ్ మంచివాడే, కాదనను. అతని భార్య మార్సెల్లా, నేను ముప్పై ఏళ్లుగా మైదానంలో కాఫీ, శాండ్‌విచ్‌ల స్టాండు కలిసి నడుపుతున్నాం. కానీ మంచితనానికి బోర్డు పెట్టరు.

మా అందరిలోకీ అంకెలు తెలిసినవాడివి నువ్వొక్కడివే. ఎవడు ఎప్పుడు పోతాడో లెక్కగట్టి ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పేవాడివి, మీ బావ ఎంత బాగా కొట్టాడో చెప్పలేవా? స్కోరు పుస్తకాలన్నీ పెట్టెలో సర్ది పంపిస్తున్నాను. అన్నీ అమ్మ రాసినవే కాబట్టి చేతిరాత నీకు కొత్త కాదు.

నాకు కావలసింది ఒకటే. మీ బావ ఆ బోర్డు ముందు నిలబడి తన పేరు తన కళ్లతో చదువుకోవాలి. కనబడుతున్నప్పుడే.

అక్క
వర్నా


మిల్వాకీ
జూన్ 13

అక్కా,

బావ సంగతి చదివి చాలా బాధ పడ్డాను. ఫోనులో మాట్లాడదామనుకున్నాను గానీ, ఫోనులో ఎప్పుడూ నీ వాదనే నెగ్గుతుంది, కాబట్టి రాస్తున్నాను. వాదన దేనికంటావా, చదువు.

పుస్తకాలు అందాయి. ఊళ్లో అందరూ బ్యాటర్ సగటు చూస్తారు. అందులో బావది మూడు వందల నలభై ఒకటి, అంటే వెయ్యిసార్లు బ్యాట్ పట్టుకుంటే అన్నిసార్లు కొట్టాడని. లీరాయ్‌ది మూడు వందల పద్దెనిమిది. దీంతో తేలిపోయిందని నువ్వు ఈపాటికి సంబరానికి రూబర్బ్ పై ఓవెన్‌లో పెట్టేసి ఉంటావు. తీసెయ్. సగటు అనేది గుడ్డి లెక్క. బంతి విసిరే పిచర్ నాలుగు చెడ్డ బంతులు వేస్తే, వాటిని ముట్టుకోకుండా వదిలేసి మొదటి బేస్‌కి నడిచి వెళ్లినవాడికి ఆ లెక్క ఏమీ ఇవ్వదు. కానీ బేస్ చేరడమే కదా బ్యాటర్ పని? ఎలా చేరాడన్నది తర్వాత. బేస్ చేరడాన్ని లెక్కగడితే లీరాయ్ నాలుగు వందల ముప్పై ఒకటి, బావ మూడు వందల డెబ్బై రెండు. లీరాయ్‌కి ఉన్న ఓపిక నేను ఇంతవరకూ ఎక్కడా చూడలేదు.

ఇది మొదటి అంచనా మాత్రమే, కంగారు పడకు. పక్షపాతం అన్న మాట రాకూడదని దీని నకలు క్లారెన్స్‌కి కూడా పంపించాను. ఒక మనవి. బావని దీని గురించి ఏమీ అడగొద్దు. ఆడినవాళ్ల జ్ఞాపకం మా వృత్తిలో సాక్ష్యం కింద చెల్లదు.

జాయిస్ నిన్ను అడిగానని చెప్పమంది.

హార్లన్


టోర్వాల్డ్
జూన్ 20

హార్లన్,

నకలు క్లారెన్స్‌కి పంపావు. నిన్ను ఎత్తుకుని తిప్పినదాన్ని నేను, నకలు క్లారెన్స్‌కి.

ఒక్కటి చెప్పు. నిలబడటం కూడా ఒక విద్యేనా? అవతలివాడికి చేతకాక చెడ్డ బంతి వేస్తే, ఇవతలివాడు కర్ర కదపకుండా నిలబడి, తర్వాత తీరిగ్గా నడుచుకుంటూ వెళ్తే, వాడు మొనగాడా? అలా అయితే మా వీధి చివర పోస్టు డబ్బాకి పెట్టమను పేరు.

నువ్వు రాసిన ఓపిక అన్న మాట ఊరంతా పాకింది. బ్యాంకులో, సెలూన్లో, రెండు చర్చిల మెట్ల మీదా లీరాయ్ ఓపిక గురించే మాటలు. మార్సెల్లా నిన్న చావింటికి వండి తీసుకెళ్లే హాట్‌డిష్ గిన్నె పట్టుకొచ్చింది, మా ఇంట్లో ఎవరో పోయినట్టు మొహం పెట్టుకుని. "బాధపడకు వర్నా, అంకెలు కదా, మనం ఏం చేస్తాం" అంది. "ఓపికంటే మీ ఆయనదేనే, మీ వెనక తలుపు ఊడి పదేళ్లయింది, ఇంకా ఓపిగ్గా చూస్తూనే ఉన్నాడు" అన్నాను. గిన్నె వెనక్కి తీసుకుపోయింది. ఈ ఆదివారం నుంచి స్టాండు ఆవిడ ఒక్కతే నడుపుకుంటుందట. నడుపుకోనీ.

నాకూ తీరికేం లేదు. కమిటీ ఇప్పుడు ప్రతి ఆదివారం మధ్యాహ్నం గిడ్డంగి ఆఫీసులో కూర్చుంటోంది, ఆట జరిగే వేళకే. అందరికీ కుదిరేది అప్పుడే. వాళ్లు చాటున ఏం తేలుస్తారోనని నేనూ వెళ్లి వెనక కుర్చీలో కూర్చుంటున్నాను. మైదానంలో ఆట వాళ్లెవరూ చూడటం లేదు, ఆ రోజు స్కోరు కావాలంటే మధ్యలో ఎవణ్ణో ఒకణ్ణి పరుగెత్తిస్తారు.

ఇంకో వింత. మన జట్టు పిల్లకాయలు బ్యాట్ ఊపడం మానేశారట. అందరూ లీరాయ్‌లా ఓపిక పడుతున్నారు. మొన్న ఆట చీకటి పడేదాకా సాగి, దీపాలు లేక ఆపేశారు. ఎవరూ గెలవలేదు.

మీ బావ రేడియో పక్కన కూర్చుంటున్నారు. ఏమీ అడగలేదులే, నువ్వు చెప్పావుగా.

త్వరగా ఏదో ఒకటి కనిపెట్టు.

వర్నా


మిల్వాకీ
జూలై 3

అక్కా,

నీ ఉత్తరంలోని తిట్లు ఆఫీసులో మా వాళ్లకి చదివి వినిపించాను, పోస్టు డబ్బా మాట అందరికీ నచ్చింది.

నేను ఖాళీగా లేను. ఒకడు బేస్ చేరాడా అన్నది ఒక్కటే చూస్తే చాలదు, ఎంత దూరం కొట్టాడన్నదీ చూడాలి. ఇక్కడ బావ చాలా ముందున్నాడు. కానీ ఇక్కడే ఇంకో చిక్కు. మన మైదానంలో కుడివైపు కంచె క్రీమరీ గోడే కదా, మరీ దగ్గర. బావ ఎడమచేతి వాటం, కొట్టిన బంతి సహజంగా అటే పోతుంది. వేరే ఊళ్లో అయితే చేతికి చిక్కే బంతి, మన ఊళ్లో వెన్న డబ్బాల మీద పడింది. కాబట్టి న్యాయంగా కొంత తగ్గించాలి, తగ్గించాను. ఇద్దరూ ఇప్పుడు దాదాపు పక్కపక్కన ఉన్నారు, లీరాయ్ కాస్త ముందు.

అయితే నాకు ఒకటి విచిత్రంగా తోచింది. ఫీల్డర్ పొరపాటు వల్ల బ్యాటర్ బతికిపోతే, దాన్ని హిట్‌గా కాక తప్పు అని రాస్తారు కదా. బావ బ్యాటింగ్‌లో అలాంటి తప్పులు అరవై ఒకటి ఉన్నాయి. లీరాయ్‌కి తొమ్మిది. ఎంత అదృష్టవంతుడైనా ఒక మనిషి కొట్టిన బంతినే అవతలివాళ్లంతా అన్నిసార్లు జారవిడవడం జరగని పని. ఏదో కారణం ఉండాలి. పుస్తకం రాసింది అమ్మ కాబట్టి ఒకసారి వెళ్లి అడుగు. ఈ అనుమానం క్లారెన్స్‌కీ రాశాను.

హార్లన్


టోర్వాల్డ్
జూలై 14

హార్లన్,

క్రీమరీ గోడ అక్కడ కట్టింది మీ బావా? గోడ దగ్గరగా ఉందని లీరాయ్‌ని ఎవరైనా కొట్టొద్దన్నారా?

సరే, అసలు సంగతికి వస్తాను. క్లారెన్స్ నీ ఉత్తరం కమిటీలో పైకి చదివాడు. వాడు చదవడం ఎలా చదువుతాడో నీకు తెలుసు, సగం మింగి సగం చదువుతాడు. ఓరిన్ బ్రెకీ పేరు మీద అరవై ఒక్క తప్పులు ఉన్నాయి అన్నాడు. అంతే. ఇప్పుడు ఊళ్లో అందరూ మీ బావ బంతి పట్టుకోలేని అసమర్థుడని చెప్పుకుంటున్నారు. నిన్న పచారీ కొట్లో ఒకావిడ నా చేయి నొక్కి, "కళ్లు అప్పట్నించే బాగోలేదేమో పాపం" అంది. నేను గుడ్లు అక్కడే వదిలేసి బయటికొచ్చాను.

శనివారం అమ్మ దగ్గరికి వెళ్లాను. వృద్ధాశ్రమంలో ఆవిడ రాణిలా ఉంది, పేకాటలో అందర్నీ ఓడిస్తోంది. అడిగాను. ఒక్క క్షణం ఆలోచించలేదు.

"అరవై ఒకటేనా? ఇంకా ఎక్కువే అనుకున్నానే" అంది.

"అమ్మా, అవి హిట్లేనా?"

"హిట్లు కాక ఏమిటి? చక్కటి హిట్లు. కానీ పుస్తకం రాసేది నేను, కొట్టేది మా అల్లుడు. హిట్టని రాస్తే రేపు చర్చి మెట్ల మీద ఏమంటారు? ఇంటివాడికి వడ్డించుకుందనరూ? కొంచెం సందేహం తగిలితే చాలు, తప్పు కింద వేసేసేదాన్ని. ఇరవై ఏళ్లు రాశాను, ఒక్కళ్లు నన్ను ఒక్క మాట అన్లేదు."

ఆవిడకి పశ్చాత్తాపం లేదు సరికదా, మొహం వెలిగిపోయింది. "ఓరిన్‌కి చెప్పావా?" అన్నాను. "చెప్పకేం, మొదటి వేసవే చెప్పాను. సరే అత్తయ్యా అన్నాడు. కాఫీ తాగాడు."

పోనీ ఇది కమిటీలో చెబుదామని లేచాను, మళ్లీ కూర్చున్నాను. మా అమ్మ మా ఆయన హిట్లు దాచిందని నేనే నలుగురిలో లేచి చెబితే, వడ్డించుకుంటున్నాననరూ?

నువ్వు చెప్పు. నువ్వు మగాడివి, మిల్వాకీలో ఉన్నావు, నీకు చర్చి మెట్లు లేవు.

వర్నా


మిల్వాకీ
జూలై 25

అక్కా,

అమ్మ మా వృత్తిలోకి రావాల్సిన మనిషి. తన పక్షపాతాన్ని తానే కనిపెట్టి, దాన్ని అవసరానికి మించి సరిదిద్దింది.

క్లారెన్స్‌కి రాశాను, మెల్లిగా చదవమని కూడా రాశాను. అరవై ఒకటీ హిట్లుగా మార్చి, క్రీమరీ గోడ వల్ల వచ్చిన లాభం తీసేసి, మొత్తం మళ్లీ కట్టించాను. ఆఫీసు కంప్యూటర్ మధ్యాహ్నమంతా దీనికే పని చేసింది. ఫలితం విను. ఇప్పుడు బావే ముందున్నాడు. తేడా వెయ్యిలో రెండు వంతులు.

నువ్వు సంతోషించే ముందు చెప్పాలి, వెయ్యిలో రెండంటే తేడా కానే కాదు. గాలి ఇటు వీచిందా అటు వీచిందా అన్న పాటి. నిజాయితీగా చెప్పాలంటే ఇద్దరూ సమానం. ఇంకో నెల ఇస్తే చుట్టుపక్కల ఊళ్ల పిచర్ల బలాబలాలు కూడా కలిపి కచ్చితంగా తేలుస్తాను. మొదలుపెట్టింది సగంలో వదలడం నాకు చేతకాదు.

హార్లన్


టోర్వాల్డ్
ఆగస్టు 4

హార్లన్,

నెల ఇస్తే అంటున్నావు. శుక్రవారం డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాం. మంచు పడేదాకా అన్నవాడు ఇప్పుడు ఆకులు రాలేదాకా అంటున్నాడు. మీ బావ పొద్దున్న పేపరు తిరగేసి పట్టుకుని కూర్చున్నారు. నేను చూడనట్టు పక్కనించి వెళ్లిపోయాను.

కమిటీలో అందరికీ ఇప్పుడు అంకెల పిచ్చి పట్టింది. క్లారెన్స్ తన సగటు తానే కట్టుకున్నాడు, తక్కువొచ్చిందని గాలికి సర్దుబాటు అడుగుతున్నాడు. పవేల్కాల బంధువొకాయన మా అమ్మ నమ్మకస్తురాలు కాదని లేచాడు. పేకాటలో ఆవిడ చేతిలో ఓడిపోయినవాళ్లు నలుగురు అతన్ని సమర్థించారు. ఎవరూ దేనికీ ఒప్పుకోవడం లేదు. చివరికి వాళ్లు అడిగేది ఇది. నువ్వు కట్టి పంపితే బావమరిది కట్టాడంటారు, కాబట్టి లెక్క ఎలా కట్టాలో ఒక్క కాగితం మీద రాసి పంపించు, వాళ్లే కట్టుకుంటారు. ఏది పైకొస్తే అదే పేరు, మళ్లీ మాట్లాడేది లేదు అని అందరూ చేతులు కలిపారు.

పిచర్ల బలాబలాలు నువ్వే ఉంచుకో. ఒక్క కాగితం పంపించు. ఈ వారమే.

వర్నా


మిల్వాకీ
ఆగస్టు 8

అక్కా,

కాగితం క్లారెన్స్‌కి నిన్ననే పంపాను. గిడ్డంగిలో కూలీ లెక్క కట్టగలవాడెవడైనా కట్టగలిగేంత తేలిక చేశాను. బ్యాట్ పట్టుకుని ఎన్నిసార్లు వెళ్లాడు, అందులో ఎన్నిసార్లు బేస్ చేరాడు, అమ్మ రాసిన తప్పులు హిట్ల కింద కలపాలి, అంతే. ఎంత దూరం కొట్టాడన్నది వదిలేశాను, దాంతో క్రీమరీ గోడ గొడవ కూడా పోయింది. నేను ఇక్కడ కట్టి చూశాను. బావా లీరాయ్ ఇద్దరూ ఒక వెంట్రుకవాసిలో ఉన్నారు, ఆ వెంట్రుక బావ వైపే ఉంది.

ఎవరికీ అన్యాయం జరిగిందన్న మాట రాకూడదని అడుగున ఒక వాక్యం గీత గీసి మరీ రాశాను. పుస్తకాల్లో పేరున్న ప్రతి ఒక్కరికీ ఈ లెక్క కట్టాలి, ఒక్కర్ని కూడా వదలకూడదు అని.

బోర్డుకి రంగు వేసేవాణ్ణి పిలిపించుకోవచ్చు. బావకి నా అభినందనలు ముందుగానే చెప్పు.

హార్లన్


టోర్వాల్డ్
ఆగస్టు 19

హార్లన్,

ఒక్కర్ని కూడా వదల్లేదు.

నువ్వు చెప్పినట్టే పుస్తకాల్లో ఉన్న ప్రతి పేరూ కట్టారు. మీ బావ రెండోవాడు. లీరాయ్ మూడోవాడు. మొదటివారు పాస్టర్ నైగార్డ్ గారు.

అవును, పోయిన మన పాస్టర్ గారే. నువ్వప్పుడు సైన్యంలో ఉన్నావు. 1954లో ఒక ఆదివారం మన జట్టు మనుషులు సగంమంది గడ్డి మోపులు కట్టుకుంటూ రాలేదు. ఆటకి ముందు ప్రార్థన చేద్దామని వచ్చిన పాస్టర్ గారి చేతిలో బ్యాట్ పెట్టి నిలబెట్టారు. నల్ల కోటు, తెల్ల కాలరు. అవతల బంతి వేసేవాడు కేథలిక్ కుర్రాడు, పాస్టర్ గారికి తగిలితే పాపం చుట్టుకుంటుందేమోనని బంతిని దూరందూరంగా వేశాడు. నాలుగూ చెడ్డవే. ఈయన బ్యాట్ ఎత్తలేదు. ఎత్తొచ్చని ఆయనకి తెలీదని క్లారెన్స్ అంటాడు. మొదటి బేస్‌కి నడిచి వెళ్లి, అక్కడి ఫీల్డర్‌తో కరచాలనం చేశారట.

ఒక్కసారి వెళ్లారు, ఒక్కసారి చేరారు. వెయ్యికి వెయ్యి.

నువ్వు నమ్మవు గానీ కమిటీలో అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నారు. లూథరన్లు మన పాస్టరే కదా అన్నారు. కేథలిక్కులు లీరాయ్‌కి రాకపోతే పోయింది, ఓరిన్‌కీ రాలేదు కదా అన్నారు. పోయినవాడితో ఎవరికీ తగువు లేదు. చేతులు కలిపాం కదా అన్నాడు క్లారెన్స్. సెప్టెంబరు ఏడు, ఆదివారం బోర్డు ఎక్కిస్తారు. ఆ తర్వాత పక్క ఊరితో పాత ఆటగాళ్ల ఆట.

నేను లేచి వచ్చేశాను. ఇంటికొచ్చేసరికి మీ బావ వరండాలోనే ఉన్నారు.

వర్నా


మిల్వాకీ
ఆగస్టు 23

అక్కా,

కనీసం ఇన్నిసార్లు బ్యాట్ పట్టినవాళ్లనే లెక్కలోకి తీసుకోవాలి అని ఒక్క వాక్యం రాయాలి. ఉద్యోగంలో చేరినవాళ్లకి మొదటి వారమే నేను నేర్పే పాఠం అది. ఒక్కడు చచ్చినంత మాత్రాన ఊరంతా చస్తుందని రాయకండి అని చెబుతాను, నవ్వుతారు. ఆ వాక్యం నేనే మర్చిపోయాను. అందరికీ న్యాయం చేయాలన్న హడావిడిలో పడి మర్చిపోయాను.

క్లారెన్స్‌కి ఫోను చేశాను. బోర్డుకి రంగు వేసేశారని జవాబిచ్చాడు. నా అభినందనలు బావకి చెప్పేశావా? చెప్పకపోతే చెప్పకు.

ఏం చేయమంటావో రాయి. వచ్చి కమిటీ ముందు నిలబడమంటే నిలబడతాను.

హార్లన్


టోర్వాల్డ్
సెప్టెంబరు 9

తమ్ముడూ,

రావద్దు. నిలబడి ఏం చేస్తావు, అంకెలు చెబుతావు.

బోర్డు ఎక్కించారు. "నైగార్డ్ మైదానం, మన ఊరి సాటిలేని బ్యాటర్ జ్ఞాపకార్థం" అని తెల్లటి అక్షరాలు, గజం ఎత్తున. పాస్టర్ గారి కూతురు వచ్చింది. ఆవిణ్ణి మాట్లాడమంటే, నాన్నగారు ఆ రోజు ఇంటికొచ్చి అమ్మతో, "ఆ కర్ర నాకెందుకిచ్చారో చెప్పలేదు, అడిగితే బాగోదని మోసుకుంటూ వెళ్లాను" అన్నారని చెప్పింది. రెండు చర్చిలవాళ్లూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కొట్టకపోతే ఏమనుకుంటారు.

అప్పుడు పక్కన ఎవరో ముక్కు చీదుతున్నారని తిరిగి చూస్తే మార్సెల్లా. ఏడుస్తోందనుకున్నాను, నవ్వుతోంది. "మన మొగుళ్లిద్దరూ ఇరవై ఏళ్లు చెమటోడ్చారే వర్నా, వాళ్ల చొక్కాలు మనం ఉతికాం. ఈయన కోటు కూడా నలగలేదు" అంది. ఇద్దరం ఒకరి భుజం ఒకరు పట్టుకుని స్టాండు వెనక్కి పోయి కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వాం. వెనక తలుపు మాటకి క్షమించమన్నాను. ఇంకా బాగు చేయలేదంది.

తర్వాత మీ బావని బోర్డు దగ్గరికి తీసుకెళ్లాను. తల పక్కకి తిప్పి అంచుల్లోంచి చూడబోయారు. తెల్లగా ఏదో ఉందన్నారు. ఎంత పెద్ద అక్షరాలో నీకు చెప్పాను కదా. అవి కూడా పోయాయి. మీ పేరు ఇక్కడ చూపిద్దామనుకున్నానండీ, నా చేత కాలేదు అన్నాను.

"నా పేరు నాకు తెలుసు కదా వర్నా. దాన్ని చదువుకోవడం దేనికి?" అన్నారు.

తల మైదానం వైపు తిప్పి, "జూన్‌లో బంతి ఇంకా కనబడేది" అన్నారు. "ఎగిరినప్పుడు కాదు గానీ, నేల మీద దొర్లితే తెలిసేది. కుర్రాళ్లు పరుగెత్తేది తెలిసేది. ప్రతి ఆదివారం తీసుకెళ్తావేమోనని బూట్లు వేసుకుని కూర్చునేవాణ్ణి. నువ్వు మీటింగుకి వెళ్లేదానివి."

కోపంగా అనలేదు. వాన రాలేదన్నట్టు అన్నారు. ఈ వేసవంతా ఆయన కళ్ల కోసమే పరుగులు పెట్టాననుకున్నాను హార్లన్. ఆ కళ్లకి మిగిలిన ఆదివారాలన్నీ గిడ్డంగి ఆఫీసులో నేనే ఖర్చు పెట్టేశాను. ఒక్క మాట ఆయన్ని అడిగితే సరిపోయేది.

అడిగాను అప్పుడు, సిగ్గు లేకుండా. ఇద్దర్లో ఎవరు గొప్ప అని.

"లీరాయ్" అన్నారు వెంటనే. "వాడు ముందు వెళ్లి బేస్ మీద నిలబడేవాడు కాబట్టే నేను కొడితే దానికి అర్థముండేది. ఒంటరిగా కొట్టుకుంటే ఏముంది." అక్కడే ఉన్న లీరాయ్ తల అడ్డంగా ఊపి, "కాదు, ఓరినే" అన్నాడు. ఆ వాదన ఇంకా తెగలేదు. వాళ్లిద్దరికీ అది తెగాలనీ ఉన్నట్టు లేదు.

పాత ఆటగాళ్ల ఆట మొదలైంది. మార్సెల్లా స్టాండు తను చూసుకుంటానని నన్ను తోసేసింది. మీ బావ పక్కన బల్ల మీద కూర్చున్నాను. "ఊ, చెప్పు, ఏమవుతోంది?" అన్నారు.

ఇది నీకొక్కడికే రాస్తున్నాను. నాకు చెప్పడం రాలేదు. మా స్టాండు కిటికీ కార్లు ఆపే చోటు వైపు ఉంటుంది, మైదానం మా వీపు వైపు. ఆయన ఆడిన రోజుల్లో అమ్మకేమో పుస్తకం, నాకు చంటిపిల్లలు, తర్వాత కాఫీ కెటిల్. కంచె చుట్టూ ఆపిన కార్లు హారన్లు మోగిస్తే మా ఆయనే కొట్టుంటాడని అందరికంటే ముందు నేనే చెప్పేదాన్ని. ఆయన బంతి కొట్టడం నేను ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదు. అలాంటిదాన్ని ఊరి మీద యుద్ధానికి వెళ్లాను, నిన్ను వెంటేసుకుని.

"ఎవరో పరుగెత్తుతున్నాడు" అన్నాను.

"ఎటు?"

"ఇటు. కాదు, ఆగాడు. పొట్ట ఉంది పాపం, ఆయాసపడుతున్నాడు."

ఆయన నవ్వారు. బంతిని చూడకు, బ్యాటర్ ముందు కాలు చూడు, అది ఎటు పడితే బంతి అటు వెళ్తుంది అని చెప్పారు. ఒకటి రెండు సార్లు చూశాను, నిజమే. చెబుతూ పోయాను, సగం తప్పులు. ఆయన ఒక్కటీ దిద్దలేదు. మోకాలి మీద వేళ్లతో ఏదో దరువు వేస్తూ విన్నారు. ఈ వేసవిలో ఆయన మొహం అలా ఉండటం నేను చూడలేదు.

అంతలో కార్లన్నీ ఒక్కసారి హారన్లు మోగించాయి. ఆయన అటు తల తిప్పి, "ఎవరు కొట్టారు?" అన్నారు.

నేను చూడలేదు. ఆయన్నే చూస్తున్నాను.

నీ అక్క
వర్నా